ఈపీఐఆర్‌బీ బ్యాటరీ మార్పిడి

ఎమర్జెన్సీ పొజిషన్ ఇండికేటింగ్ రేడియో బీకన్, సంక్షిప్తంగా ఈపీఐఆర్‌బీ, సముద్రంలో ఆపదకు గురైన ఓడ లేక పడవ ఉన్న చోటును ఉపగ్రహాల ద్వారా రక్షణ కేంద్రాలకు తెలియజేసే రేడియో పరికరం. ఇందులోని బ్యాటరీకి నిర్ణీత గడువు ఉంటుంది. గడువు తీరకముందే దానిని మార్చడం ఈ పరికర నిర్వహణలో ముఖ్యమైన అంశం.

పనిచేసే విధానం

ఈ పరికరం సుమారు 50 సెకండ్లకు ఒకసారి 406 మెగాహెర్ట్జ్ పౌనఃపున్యంపై అర సెకను పాటు సంకేతం పంపుతుంది. దీనిని కాస్పాస్-సార్సాట్ వ్యవస్థకు చెందిన ఉపగ్రహాలు స్వీకరిస్తాయి. అమెరికా, కెనడా, ఫ్రాన్స్, సోవియట్ యూనియన్ కలిసి నెలకొల్పిన ఈ వ్యవస్థ సాయంతో 1982 సెప్టెంబరులో తొలిసారి ప్రాణరక్షణ జరిగింది. 121.5 మెగాహెర్ట్జ్ సంకేతం సమీపానికి వచ్చిన రక్షక విమానాలకు, నౌకలకు దిక్కు చూపడానికి మాత్రమే ఉపయోగపడుతుంది. ఉపగ్రహాలు దానిని స్వీకరించడం 2009 ఫిబ్రవరి 1న ఆగిపోయింది. కావున 121.5 మెగాహెర్ట్జ్‌పై మాత్రమే పనిచేసే పాత పరికరాలకు కొత్త బ్యాటరీ వేసినా ఉపగ్రహాలకు సంకేతం అందదు.

గడువుకు కారణం

ఈపీఐఆర్‌బీ కనీసం 48 గంటలు నిర్విరామంగా పనిచేయాలి. ఇందుకు రీఛార్జి చేయడానికి వీలులేని లిథియం బ్యాటరీలను వాడతారు. వాడకపోయినా వీటి శక్తి ఏటా కొంత తరుగుతుంది. స్వయం పరీక్షలు మరికొంత ఖర్చు చేస్తాయి. చలిలో బ్యాటరీ సామర్థ్యం ఇంకా తగ్గుతుంది. ఈ నష్టాలన్నీ పోగా 48 గంటలకు సరిపడే శక్తి మిగిలేలా గడువు తేదీని నిర్ణయిస్తారు. గడువు దాటిన బ్యాటరీ వెంటనే నిర్జీవం కాదు. అయితే అది 48 గంటలు నిలుస్తుందన్న భరోసా ఉండదు.

స్వయం పరీక్ష పరిమితి

పరీక్ష మీట నొక్కినప్పుడు దీపం వెలిగితే, ఆ క్షణంలో పరికరం పనిచేస్తున్నదని మాత్రమే అర్థం. అది ఎన్ని గంటలు పనిచేయగలదో ఆ పరీక్ష తెలుపదు. కావున పరీక్షలో నెగ్గిన పరికరమైనా గడువు తేదీని పాటించవలసిందే. పరీక్షలను తయారీదారు సూచించిన సంఖ్యకు మించి చేయరాదు.

మార్పిడి విధానం

చాలా నమూనాలలో బ్యాటరీని అధీకృత సేవా కేంద్రంలోనే మార్చాలి. మూత తెరిచినప్పుడు నీరు చొరకుండా ఆపే రబ్బరు వలయాన్ని కూడా మార్చి, పరికరంలోకి నీరు దిగడం లేదని పరీక్షిస్తారు. అనంతరం ప్రసారాన్ని, గుర్తింపు సంఖ్యను సరిచూసి, కొత్త గడువు తేదీని పరికరంపై అతికిస్తారు. కొన్ని నమూనాలలో యజమానే మార్చుకునే వీలున్నా, తయారీదారు సూచించిన బ్యాటరీనే వాడాలి. బజారులో దొరికే మామూలు సెల్స్ వాడరాదు.

ఓడ మునిగినప్పుడు నీటి పీడనంతో పరికరాన్ని దానంతటదే విడిపించే సాధనానికి వేరే గడువు ఉంటుంది. సాధారణంగా అది 2 సంవత్సరాలు. బ్యాటరీ కొత్తదైనా ఈ సాధనం పనిచేయకపోతే పరికరం ఓడతోపాటే మునిగిపోవచ్చు.

పాత పరికరాల విసర్జన

బ్యాటరీ తీయకుండా చెత్తలో పారవేసిన పరికరం ప్రమాదవశాత్తు పనిచేయడం మొదలుపెడితే, రక్షక దళాలు లేని ఆపద కోసం వెదకవలసి వస్తుంది. అందుచేత ముందుగా బ్యాటరీని వేరుచేయించి, పరికరం నమోదును రద్దు చేయించాలి.

భారతదేశంలో

భారతదేశానికి చెందిన కాస్పాస్-సార్సాట్ నియంత్రణ కేంద్రం బెంగళూరులో ఇస్రో ఆధ్వర్యంలో నడుస్తున్నది. సముద్రంలో గాలింపు, రక్షణ చర్యలను భారత తీర రక్షక దళం సమన్వయపరుస్తుంది. భారతీయ నౌకల పరికరాల గుర్తింపు సంఖ్యలో 419 అనే దేశ సంకేతం ఉంటుంది. యజమాని వివరాలు ఆ సంఖ్యతో సరిగా నమోదై ఉంటే, ఆపదలో ఉన్నది ఏ నౌకో రక్షకులకు త్వరగా తెలుస్తుంది.