వృద్ధాశ్రమ ఎంపిక: పేరు, పరాధీనత, సంరక్షణ భాష

వ్యాససంగ్రహం:
వృద్ధులైన బంధువులకు ఆశ్రమాన్ని ఎంపిక చేసేటప్పుడు కుటుంబాలు ఎక్కువగా భవనాన్ని, రుసుమును చూస్తాయి. 'వృద్ధాశ్రమం' అనే ఒకే పేరు కింద భిన్నమైన వసతులు ఉండటం, సంరక్షకుల భాష వృద్ధులకు అందకపోవడం అనే రెండు అంశాలు ఈ ఎంపికను ఎలా ప్రభావితం చేస్తాయో ఈ వ్యాసం వివరిస్తుంది.

కీలకపదాలు: వృద్ధాశ్రమం, వానప్రస్థం, పరాధీనత, సంరక్షణ, వ్యవహారభాష.

1. పేరు తెచ్చే చిక్కు:
'ఆశ్రమం' అనే శబ్దానికి మునులుండే చోటు, జీవితదశ అనే రెండు అర్థాలు ప్రసిద్ధం. నాలుగు ఆశ్రమాల్లో మూడవదైన వానప్రస్థంలో ఇల్లు విడిచే నిర్ణయం గృహస్థుదే. నేటి వృద్ధాశ్రమం ఆ మాటకున్న గౌరవాన్ని తీసుకున్నది గాని, ఆ నిర్ణయాధికారాన్ని చాలాసార్లు పిల్లల చేతిలో పెట్టింది. కాబట్టి పెద్దల సమ్మతి ఎంపికలో మొదటి అంశం కావాలి.

ఈ ఒక్క పేరు కింద కనీసం నాలుగు రకాల వసతులు ఉన్నాయి. నిరుపేదలకు ఉచితంగా ఆశ్రయమిచ్చే ధర్మసంస్థలు కొన్ని. నెలనెలా రుసుము తీసుకొని గది, భోజనం ఇచ్చేవి కొన్ని. ఆరోగ్యంగా ఉన్న పెద్దలు ఇల్లు కొనుక్కొనో, అద్దెకు తీసుకొనో ఉండే విశ్రాంత నివాసాలు మరికొన్ని. స్నానం మొదలు మందుల వరకు మనిషి తోడు అవసరమైనవారికి ఉద్దేశించిన 'అసిస్టెడ్ లివింగ్' నాలుగవది. దీనికి తెలుగులో స్థిరపడిన మాట లేదు. ఈ వ్యాసంలో 'సహాయక నివాసం' అని వ్యవహరిస్తాను. పేరు ఒకటే కావడంతో మంచం పట్టిన తల్లిని కేవలం గది, భోజనం మాత్రమే ఇచ్చే చోట చేర్చే ప్రమాదం ఉంది. ఆమెను రాత్రివేళ లేవదీసే మనిషి అక్కడ లేడని చేర్చిన తర్వాతగాని తెలియదు.

2. పరాధీనతను కొలవడం:
ఏ రకం వసతి అవసరమో తేల్చడానికి వయస్సు సరైన కొలమానం కాదు. 1963లో సిడ్నీ కాట్జ్ బృందం ప్రతిపాదించిన సూచిక ఇందుకు ఇప్పటికీ ఉపకరిస్తుంది. స్నానం, బట్టలు కట్టుకోవడం, మరుగుదొడ్డికి వెళ్లిరావడం, మంచం నుంచి కుర్చీకి మారడం, మలమూత్రాలపై అదుపు, భోజనం చేయడం అనే ఆరు పనుల్లో మనిషి ఎంతవరకు స్వతంత్రుడో అది చూస్తుంది. మన 'కాలకృత్యాలు' అనే మాట ఇందులో చాలా భాగాన్ని ఎప్పటినుంచో సూచిస్తూనే ఉంది. మందులు వేసుకోవడం, డబ్బు లెక్క చూసుకోవడం, ఫోను చేయడం వంటి పనులను 1969లో లాటన్, బ్రోడీ వేరే జాబితాగా చేర్చారు. ఈ రెండవ జాబితాలోని పనులే సాధారణంగా ముందు తప్పుతాయి. విదేశాల నుంచి వారానికొకసారి ఫోనులో మాట్లాడే పిల్లలకు ఈ మార్పు వినిపించదు. కనుక పెద్దలను దగ్గరుండి చూసేవారి మాట ఈ నిర్ణయంలో ముఖ్యం.

3. చట్టం, ఒప్పందం:
తల్లిదండ్రుల, వయోవృద్ధుల పోషణ, సంక్షేమ చట్టం 2007లో వచ్చింది. జిల్లాకు కనీసం ఒకటి చొప్పున, ఒక్కొక్కటి కనీసం 150 మంది నిరుపేద వృద్ధులకు సరిపోయేలా ఆశ్రమాలను నెలకొల్పడం గురించి దాని 19వ సెక్షన్ చెబుతుంది. రుసుము తీసుకునే ప్రైవేటు గృహాల నమోదును మాత్రం ఆ చట్టం తప్పనిసరి చేయలేదు. 2019లో లోక్‌సభలో ప్రవేశపెట్టిన సవరణ బిల్లు ఆ నమోదును ప్రతిపాదించింది గాని చట్టరూపం దాల్చలేదు. అందువల్ల ఒప్పందపత్రాన్ని చేర్చేవారే శ్రద్ధగా చదువుకోవాలి. అందులో అన్నిటికన్నా ముఖ్యమైనది, ఏ స్థితి వస్తే పెద్దలను తిరిగి తీసుకువెళ్లమంటారు అన్న నిబంధన. మతిమరుపు ముదిరితేనో, మంచం పడితేనో ఉంచుకోబోమని రాసి ఉంటే, ఆ గృహం అసలు అవసరం వచ్చేనాటికి అక్కరకు రాదు.

4. సంరక్షణ భాష:
నగరాల్లోని సంరక్షకుల్లో ఇతర రాష్ట్రాలవారు కూడా ఉంటారు. వారి సేవలో లోపం లేకపోవచ్చు. అయితే వృద్ధుల శరీరబాధ మాండలిక వ్యవహారంలో బయటపడుతుంది. 'కళ్లు బైర్లు కమ్ముతున్నాయి', 'కడుపులో తిప్పుతోంది', 'కాళ్లు తిమ్మిరెక్కాయి' అన్న మాటలకు వైద్యపరంగా వేర్వేరు అర్థాలున్నాయి. మూడింటికీ 'తబియత్ బాగాలేదు' అని ఒకే మాట రికార్డులోకెక్కితే వైద్యుడికి చేరేది ఏమీ ఉండదు.

సభ్యోక్తుల విషయం మరింత సున్నితం. పల్లెల్లో పెరిగిన వృద్ధురాలు మలవిసర్జన అవసరాన్ని 'బయటికి వెళ్లాలి' అంటుంది. దానిని అక్షరార్థంలో తీసుకున్న సంరక్షకురాలు ఆమెను వరండాలోకి తీసుకుపోవచ్చు. లేదా ఇల్లు విడిచి పోవాలనే తాపత్రయంగా భావించి తలుపు వేయవచ్చు. పక్క తడిసిన తర్వాత ఆమెకు డైపరు తొడిగితే, అదుపు పోయినందువల్ల కాక మాట అర్థంకానందువల్ల ఆమె పరాధీనురాలైనట్టు. మతిమరుపు వ్యాధిగ్రస్తుల్లో తర్వాత నేర్చిన భాషలు ముందుగా సడలి, మాతృభాషే మిగలడం తరచుగా గమనించిన విషయం. ఉద్యోగజీవితమంతా ఇంగ్లీషులో గడిపిన విశ్రాంత అధికారికి కూడా ఈ చిక్కు రావచ్చు.

సంబోధన కూడా సంరక్షణలో భాగమే. తెలుగు కొత్తగా నేర్చినవారు అందరినీ 'నువ్వు' అనడం సహజం. కాని జీవితమంతా 'మాస్టారు' అనిపించుకున్న వ్యక్తికి స్నానం చేయించే మనిషి నోట ఆ ఏకవచనం గుచ్చుకుంటుంది. అలిగి స్నానం మానేస్తే, రికార్డులో 'సహకరించడం లేదు' అన్న వాక్యం చేరుతుంది.

చేర్చడానికి ముందు ఆశ్రమాన్ని పగలు ఒకసారి, రాత్రి భోజనాల తర్వాత మరొకసారి చూడాలి. రాత్రి విధుల్లో తెలుగు తెలిసినవారు ఎందరున్నారో అడగాలి. పెద్దలు నొప్పికి, ఆకలికి, మరుగుదొడ్డికి వాడే మాటలను, వారిని పిలవవలసిన తీరును ఒక కాగితం మీద రాసి, పక్కన సంరక్షకులకు తెలిసిన భాషలో అర్థం చేర్చి మంచం దగ్గర అంటించాలి. ఆ కాగితాన్ని పెద్దలనే అడిగి రాయడం మంచిది. పిల్లలు గుర్తుపెట్టుకున్న మాటలు, వారు ఇప్పుడు వాడుతున్న మాటలు ఒకటి కాకపోవచ్చు.