పిత్తనాళంలో స్టెంట్ వేశాక నల్లటి మోషన్ వస్తోందా? లైట్ తీసుకోకండి!

ఇంట్లో పెద్దవాళ్లకు కామెర్లు వస్తే పిత్తనాళంలో స్టెంట్ వేశారనుకోండి. కామెర్లు తగ్గి ఇంటికొచ్చేశారు. కొన్ని వారాలకు మోషన్ తారులా నల్లగా వస్తోంది. ఐరన్ మాత్రల వల్ల కూడా అలా రావచ్చు. కానీ స్టెంట్ ఉన్నవాళ్ల విషయంలో మనమే అలా తేల్చేసుకోకూడదు. ఎందుకో చూద్దాం.

లివర్‌లో తయారైన పిత్తరసాన్ని పేగులోకి తెచ్చే గొట్టమే పిత్తనాళం. రాయి వల్లో, క్యాన్సర్ వల్లో అది మూసుకుపోతే స్టెంట్ పెట్టి దారి తెరుస్తారు. లివర్‌కు రక్తం తీసుకెళ్లే ధమని కొమ్మ ఒకటి చాలామందిలో ఈ నాళం వెనక నుంచే వెళ్తుంది. స్టెంట్ అక్కడ ఒరుసుకుంటూ ఉంటే, ఇన్ఫెక్షన్ కూడా తోడైతే, ధమని గోడ దెబ్బతిని బుడగలా ఉబ్బొచ్చు. దాన్ని సూడోఎన్యూరిజం అంటారు. అది పగిలితే రక్తం పిత్తనాళంలోకి, అక్కడి నుంచి పేగులోకి వచ్చేస్తుంది. దీని పేరు హీమోబిలియా. అరుదుగానే వస్తుంది, కానీ ప్రాణం మీదకు తెస్తుంది.

గుర్తులు మూడు: కడుపు పైభాగంలో కుడివైపు నొప్పి, మళ్లీ కామెర్లు, రక్తపు వాంతి లేదా నల్లటి మోషన్. 1871లో క్విన్కే అనే జర్మన్ డాక్టర్ వర్ణించిన లక్షణాలివే. మూడూ కలిసే రావాలని లేదు. పైగా రక్తం కాస్త పోయి, దానంతటదే ఆగి, తర్వాత ఒక్కసారిగా ఎక్కువగా పోవచ్చు. అందుకే ఆగింది కదా అని ఊరుకోవద్దు.

మరి ట్రీట్‌మెంట్? ముందు రక్తం ఎక్కించి రోగిని నిలబెడతారు. సీటీ యాంజియోతో లీక్ ఎక్కడుందో వెతుకుతారు. తర్వాత తొడ దగ్గరో, మణికట్టు దగ్గరో ధమనిలోంచి సన్నటి ట్యూబ్ పంపి, సన్నటి లోహపు కాయిల్స్‌తో ఆ చోటుకు అటూ ఇటూ మూసేస్తారు. ఒకవైపే మూస్తే రెండోవైపు నుంచి రక్తం మళ్లీ వస్తుందన్నమాట. కొందరికి ధమనిలోనే కవర్డ్ స్టెంట్ వేస్తారు. ధమని కొమ్మ మూస్తే లివర్ పాడవదా? లివర్‌కు దాదాపు 75 శాతం రక్తం పోర్టల్ సిర నుంచే వస్తుంది. అది బాగుంటే సాధారణంగా తట్టుకుంటుంది. రక్తం సిర నుంచి కారుతుంటే పిత్తనాళంలోనే కవర్డ్ మెటల్ స్టెంట్ వేసి అదిమిపెట్టొచ్చు.

ఒక్కోసారి స్టెంటే ఆ రంధ్రానికి అడ్డుగా ఉంటుంది. తీయగానే రక్తం చిమ్ముతుంది. కాబట్టి స్టెంట్ మార్చే ముందు నల్లటి మోషన్ వచ్చిన సంగతి డాక్టర్‌కి తప్పకుండా చెప్పండి. స్టెంట్ వేసిన తేదీ, రకం, డిశ్చార్జ్ పేపర్ ఫొటో తీసి ఫోన్‌లో పెట్టుకోండి. ఎమర్జెన్సీలో అదే మొదట అడుగుతారు.

ఇంట్లో వాళ్లకు ఈ మాట చేరవేయండి. మరో ఎపిసోడ్‌లో కలుద్దాం.