అద్భుతశృంగార నవలామాలికలు – పాఠకుల తీర్పు

నవలను గూర్చి పండితుడు వ్రాయునది విమర్శయనియు, సామాన్య పాఠకుడు చెప్పునది వట్టి యిష్టాయిష్టముల ప్రకటనమనియు మన సాహిత్యశాఖలలో ఒక భావము పాతుకొని యున్నది. ఒక జాతి నవలల విషయమున ఈ భావము నిలువదని మా తలంపు. మానవకాంతకును అమానుష పురుషునకును నడచిన ప్రణయమును వస్తువుగా గొని, ఒకే నాయికను అనేక సంపుటముల పర్యంతము నడపించు మాలికలు అవి. వానిని ఇందు అద్భుతశృంగార నవలలని వ్యవహరింతుము.

హైదరాబాదు పడమటి అంచున ఖాజాగూడ, నానక్‌రాంగూడ, గచ్చిబౌలి ప్రాంతములలో కంప్యూటరు కొలువులు చేయుచు ఇంగ్లీషు నవలలు చదువు యువజనులకు ఈ జాతి పరిచితమే. ఇది పడమటి దేశములనుండి దిగిన సరకని వారికి తోచుట సహజము. కాని మనుచరిత్రము చదివిన వారికి ఇందు వింత లేదు. ప్రవరునిచే నిరాకృతయైన వరూధినిని, ఆ ప్రవరుని రూపమే దాల్చి గంధర్వుడు చేరుట పెద్దన కావ్యమునకు ఇరుసు వంటిది. వరూధిని మోసపోయినదా, కోరినదానిని పొందినదా యను ప్రశ్న నేటికిని తరగతిగదులలో వాదమునకు వచ్చుచునే యున్నది. అద్భుతశృంగారమును చదువువారు ప్రణయమును మాత్రమే గాక, ఆ ప్రణయము ఏ నియమముపై నిలిచినదో దానిని గూడ విచారింతురనుటకు ఇది మొదటి సాక్ష్యము.

ఇట్టి విచారము ఎంత తీవ్రమగునో చూపుటకు అమెరికా రచయిత్రి షార్లైన్ హారిస్ వ్రాసిన సూకీ స్టాక్‌హౌస్ నవలామాలిక తగిన ఉదాహరణము. 2001లో మొదలై 2013లో ముగిసిన ఈ మాలికలో పదుమూడు నవలలు కలవు. లూసియానా రాష్ట్రమున ఒక చిన్న యూరిలో మద్యశాలయందు పరిచారికగా నున్న సూకీ నాయిక. ఇతరుల మనసులోని మాటలు ఆమె చెవిని పడుచుండును. అది ఆమెకు వరము కాదు, శాపము. ఏ పురుషునితో కూర్చుండినను వాని తలపులన్నియు వినవలసినదే. రక్తపిశాచముల మనసు మాత్రము ఆమెకు వినబడదు. వారి సన్నిధి ఆమెకు నిశ్శబ్దము. ఆమె మొదట బిల్ అను పిశాచమును, పిమ్మట ఎరిక్ అను వానిని ప్రేమించుటకు ఈ నిశ్శబ్దము ముఖ్యమగు ఆలంబనము. ఇంత చక్కని కారణకల్పన మేము ఈ జాతి నవలలలో అరుదుగా చూచితిమి.

పదుమూడవ నవలయైన 'డెడ్ ఎవర్ ఆఫ్టర్' 2013లో వెలువడినది. అందు సూకీ పిశాచముల నిద్దరిని విడిచి, మొదటి నవలనుండియు తనకు యజమానిగా, స్నేహితుడుగా నున్న శామ్‌వైపు మొగ్గినది. ఇతడు జంతురూపములు దాల్చగలవాడే గాని ఎండలో తిరుగువాడు, ముసలితనము వచ్చువాడు. పుస్తకము విపణికి రాకముందే ముగింపు బయటపడినది. పాఠకులలో పెక్కురు మండిపడిరి. రచయిత్రికి బెదరింపులు గూడ వచ్చినవి. బెదరించుట గర్హ్యమని వేఱుగ చెప్పనక్కరలేదు. కాని కోపమునకు గల హేతువును త్రోసివేయరాదు. ఎరిక్ పక్షమువారు సారాంశమున అడిగినదేమనగా, సూకీ నిశ్శబ్దమును కోరి పిశాచమును ప్రేమించినదని ఇన్ని సంపుటములు మమ్ము నమ్మించి, తుదకు ఆ కోరికను ఏమి చేసితివి? శామ్ పక్షమువారి సమాధానము సూకీ ఎండను, ఇంటిని, బిడ్డలను మొదటినుండియు కోరినదనియు, నిశ్శబ్దము విశ్రాంతియే గాని సంసారము కాదనియు. మా మట్టుకు రెండవ పక్షమే సబబుగా తోచుచున్నది. అయినను మొదటి పక్షము వేసిన ప్రశ్న ఏ పండితుని ప్రశ్నకును తీసిపోదు.

వెనుకటి సంవత్సరములలో స్టెఫనీ మేయర్ వ్రాసిన 'ట్వైలైట్' మాలిక నాలుగవ నవలకును ఇట్టి గతియే పట్టినది. 2008లో 'బ్రేకింగ్ డాన్' వెలువడగా, అసంతుష్టులైన పాఠకులు కొందఱు కొన్న ప్రతులను అంగళ్లకు మరల ఇచ్చివేయుదమని పూనుకొనిరి. నాయిక పిశాచత్వమును పొందుటకు చెల్లింపవలసిన మూల్యము చాలినంత చెల్లింపలేదని వారి ఆక్షేపణలలో ఒకటి. అద్భుతమును ఎంతైనను నమ్ముదురు. ఊరక వచ్చిన అద్భుతమును మాత్రము సహింపరు.

ఈ పాఠకుని స్వభావమును మనవారిలో కథారూపమున చిత్రించిన వాడు మధిర సుబ్బన్న దీక్షితకవి (1868–1928). ఆయన కాశీమజిలీ కథలు పండ్రెండు భాగముల మాలిక. మణిసిద్ధుడను వాడు కాశికి కాలినడకన పోవుచు, పసులుగాచు గోపకుమారుని తోడు తీసికొనును. మజిలీ మజిలీకిని తాను చూచిన వింతకు కథ చెప్పవలెననియు, చెప్పనిచో వెనుకకు మరలుదుననియు గోపుని ఒడంబడిక. మణిసిద్ధుడు తన మణి మహిమచే ఆ వింత పుట్టుపూర్వోత్తరములు తెలిసికొని చెప్పును. గంధర్వకాంతలు, మాంత్రికులు, రూపపరివర్తనములు, విరహములు అందు కొల్లలు. ఈ చట్రమును కేవలము కథలను గ్రుచ్చు దారముగా భావించుట పొరబాటని మా యభిప్రాయము. గోపుడు వట్టి శ్రోత కాడు. తీర్పరి. అతడు మరలిపోయిన యెడల మణిసిద్ధునకు తోడు లేదు, కథకు ముందుగతి లేదు. 'బ్రేకింగ్ డాన్' ప్రతులను మరల ఇచ్చివేయ బూనినవారు పలికినది గోపుని మాటయే.

గోపుడు ఖాజాగూడమీదుగా పోయియుండినచో ఏమి అడిగి యుండును? ఫక్రుద్దీన్ గుట్ట యని పేరొందిన ఆ కొండపై, ఒకదానిమీద నొకటి ఎవరో పేర్చినట్లు బండలు నిలిచియున్నవి. బాబా ఫక్రుద్దీన్ దర్గా అచటనే కలదు. అనంతపద్మనాభస్వామి గుహాలయమును అచటనే కలదు. ఆ రాళ్లు సుమారు 250 కోట్ల యేండ్ల నాటి గ్రానైటనియు, ఎండవానలకు పగుళ్లవెంట అరిగి అట్లు మిగిలినవనియు భూగర్భశాస్త్రజ్ఞులు చెప్పుదురు. ఆ సమాధానము తెలిసినవాడు గుట్టకు పోవుట మానడు. శాస్త్రమునకు ఒక చోటు, కథకు ఒక చోటు ఇచ్చుకొనును. అద్భుతనవల చదువువాడును ఆ విధముననే రెండు చోట్లు ఏర్పరచుకొని చదువును. ఆ రెండింటి నడిమి గట్టును రచయితయే తెంచినపుడు ఏమగునన్నది వేఱు ప్రశ్న.

దీనికి తెలుగున ప్రబల నిదర్శనము యండమూరి వీరేంద్రనాథ్ 'తులసిదళం'. ఇది 1980 ప్రాంతమున ఆంధ్రభూమి సచిత్ర వారపత్రికలో ధారావాహికముగా వచ్చినది. 'తులసి' దీనికి కొనసాగింపు. ఇందు శృంగారము ప్రధానము కాదు, బిడ్డపై వాత్సల్యము ప్రధానము. కాని అమానుషశక్తి, వారము వారము ఎదురుచూపు, కొనసాగింపు అను మూడు లక్షణములును కలవు గనుక మన చర్చలో చేరును. చిన్నపిల్ల తులసిపై కాష్మోరా యను క్షుద్రప్రయోగము జరుగును. ఒక వైపు మంత్రగాండ్రు, మఱియొక వైపు వైద్యులు. ఆ వ్యాధి ప్రయోగఫలమా, మనోవికారమా యను సందేహమే కథకు ఊపిరి. రాత్రివేళ ఒంటరిగా చదువలేకపోయితిమని చెప్పుకొనువారు నేటికిని కలరు. ఆనాటి పాఠకునకు అంతకుమించిన మెప్పు లేదు.

రంగనాయకమ్మ గారి తీర్పు దీనికి పూర్తిగా విరుద్ధము. 'తులసిదళం కాదు గంజాయి దమ్ము' అని ఆమె తన విమర్శకు పెట్టిన పేరే చాలును. ఈ తీర్పును కేవలము అభిరుచిభేదముగా కొట్టివేయుట న్యాయము కాదు. సూకీ కథలోని పిశాచము పుస్తకము మూయగానే మాయమగును; దానిని చదివి పొరుగింటివానిని పిశాచమని ఎవరును అనుమానింపరు. చేతబడి అట్టిది కాదు. చేతబడి, బాణామతి చేసిరను అనుమానమున మనుష్యులను కొట్టుటయు, చంపుటయు తెలంగాణ పల్లెలలో జరిగినవి. అనుమానమునకు గుఱియైనవారిలో దిక్కులేని వృద్ధులును స్త్రీలును కలరు. అట్టి దేశమున క్షుద్రవిద్యను వైద్యశాస్త్రముతో సరిసమానమగు పీటపై కూర్చుండబెట్టి, ఏది గెలిచినదో తేల్పక యుంచుట కథాశిల్పమునకు లాభమే. ఆ లాభమునకు మూల్యము చెల్లించువాడు మాత్రము రచయిత కాడు, పాఠకుడును కాడు.

ఇచట మెచ్చినవారును నిందించినవారును నిజమునకు ఒకే విషయమును పట్టుకొనిరి. అంత నమ్మదగినదిగా నుండుటచేతనే మెచ్చినవారు భయపడిరి. నిందించినవారి ఆక్షేపణయు అంత నమ్మదగినదిగా నుండుటను గూర్చియే. సందేహమును తుదివరకు నిలుపుటకు రచయిత పడిన శ్రమ ఎంత గొప్పదైనను, జనుల నోట నిలిచినది సందేహము కాదు. 'తులసి' ఆధారముగా 1986లో చలనచిత్రము తీసినవారు దానికి బాలిక పేరు పెట్టలేదు. 'కాష్మోరా' అని పెట్టిరి.