కొత్త ట్రాన్స్‌ఫార్మరా, పాతదా: కొనేముందు వేయవలసిన లెక్కలు

మిర్యాలగూడ బియ్యం మిల్లుకైనా, గుంటూరులో మిర్చి నిల్వచేసే శీతల గిడ్డంగికైనా, చీమకుర్తి గ్రానైటు పరిశ్రమకైనా, వాడకం ఒక పరిమితి దాటితే విద్యుత్తు 11 కేవీ లైను నుంచి, అంటే 11 వేల వోల్టుల వద్ద అందుతుంది. అక్కడి మోటార్లు నడిచేది మాత్రం 415 వోల్టుల దగ్గర. ఈ రెంటి నడుమ నిలిచి వోల్టేజీని దించే పరికరం ట్రాన్స్‌ఫార్మర్. చిన్న కనెక్షన్లకు దానిని పంపిణీ సంస్థే అమరుస్తుంది గాని, హెచ్‌టీ కనెక్షన్‌గా వ్యవహరించే అధిక వోల్టేజీ కనెక్షన్ తీసుకున్న పరిశ్రమ తన ట్రాన్స్‌ఫార్మర్‌ను తానే సమకూర్చుకోవలసి ఉంటుంది. తొలి పెట్టుబడిలో అది పెద్ద పద్దు కావడం వల్ల, చవకగా దొరికే వాడిన ట్రాన్స్‌ఫార్మర్ వైపు యజమాని దృష్టి మళ్లడం సహజమే. అయితే ఈ కొనుగోలులో బేరమాడి తగ్గించుకున్న ధర ఒక భాగం మాత్రమే. తరువాత నెలనెలా కరెంటు బిల్లులో కలిసిపోయే నష్టం, ట్యాంకు లోపల కంటికి కనిపించకుండా మిగిలివున్న ఆయుష్షు, ఈ రెండూ అసలు ధరలో భాగాలే.

పాతదాని పక్షాన చెప్పదగినవి ముందుగా చెప్పడం న్యాయం. ట్రాన్స్‌ఫార్మర్‌లో తిరిగే భాగాలు లేవు, అందువల్ల మోటారులో వలె బేరింగులు అరిగిపోవడం ఉండదు. ఇనుప కోరు చుట్టూ రెండు తీగచుట్టలు, ఒకదానిలోని ప్రవాహం పుట్టించే అయస్కాంత క్షేత్రం వల్ల రెండవదానిలో వోల్టేజీ పుట్టడం అన్న మూలసూత్రం 19వ శతాబ్దంలో స్థిరపడినదే, కాబట్టి ఇరవై ఏళ్ల నాటి యంత్రం నమూనా రీత్యా కాలం చెల్లినదేమీ కాదు. తక్కువ లోడుతో, మంచి నిర్వహణలో నడిచినది 25 ఏళ్లు దాటాక కూడా నమ్మకంగా పనిచేయగలదు. పైగా కొత్తదానికి ఆర్డరు ఇచ్చి వేచివుండే వ్యవధి పాతదానికి ఉండదు. సీజను మొదలైన తరువాత ట్రాన్స్‌ఫార్మర్ కాలిపోయిన మిల్లుకు వారం ఆలస్యమైనా ధాన్యం కుప్పలుగా నిలిచిపోతుంది. మూతపడిన కర్మాగారం నుంచో, సామర్థ్యం పెంచుకుని పెద్దది వేసుకున్న పరిశ్రమ నుంచో బయటికి వచ్చిన ట్రాన్స్‌ఫార్మర్, దాని చరిత్ర తెలిసినంతవరకు, ఆలోచించదగిన సరుకే.

ఆ చరిత్ర ఎందుకు అంత ముఖ్యమో తెలియాలంటే ట్రాన్స్‌ఫార్మర్‌లో ముసలిదయ్యేది ఏమిటో తెలియాలి. ఇనుము ముసలిదవదు, రాగి ముసలిదవదు, నూనెను వడకట్టవచ్చు, అవసరమైతే మార్చవచ్చు. తిరిగి యవ్వనం తెచ్చుకోలేనిది తీగచుట్టల మధ్య ఇన్సులేషన్‌గా చుట్టిన కాగితం ఒక్కటే. కలప గుజ్జుతో తయారయ్యే ఆ కాగితం సెల్యులోజు అణువుల పొడవైన గొలుసులతో ఏర్పడుతుంది. కొత్త కాగితంలో ఒక్కొక్క గొలుసులో సుమారు వెయ్యి లంకెలుంటే, వేడికి, తేమకు, ఆక్సిజనుకు అవి తెగుతూ వచ్చి సుమారు 200కు చేరేసరికి కాగితం బలమంతా పోయి, వేలితో నలిపితే పొడి అయ్యే స్థితికి వస్తుంది. ఆ స్థితిలో కూడా ట్రాన్స్‌ఫార్మర్ మామూలుగానే నడుస్తూ ఉండవచ్చు. కాని లైనులో ఎక్కడో షార్ట్ సర్క్యూట్ జరిగి, మామూలుకు ఎన్నో రెట్ల ప్రవాహం ఒక్కసారిగా చుట్టల గుండా పోయినప్పుడు వాటిమీద పడే యాంత్రిక బలం ప్రవాహపు వర్గం చొప్పున పెరుగుతుంది. పెళుసుబారిన కాగితం ఆ కుదుపుకు చిట్లి, చుట్టుకూ చుట్టుకూ మధ్య కరెంటు దూకుతుంది.

కాగితం ఎంత వేగంగా ముసలిదవుతుందన్నది ముఖ్యంగా వేడిమీద ఆధారపడుతుంది. సాధారణ కాగితానికి, చుట్టల్లోని అత్యంత వేడి బిందువు దగ్గర ఉష్ణోగ్రత ప్రతి 6 డిగ్రీలు పెరిగినప్పుడు ఆయుష్షు తరిగే వేగం రెట్టింపు అవుతుందని అంతర్జాతీయ ప్రమాణాలు లెక్కగడతాయి. అంటే నడివేసవిలో 18 డిగ్రీలు అదనంగా వేడెక్కుతూ నడిచిన ట్రాన్స్‌ఫార్మర్‌లో ఒక రోజుకు ఎనిమిది రోజుల ఆయుష్షు తరుగుతుంది. కనుక తయారైన సంవత్సరం ఒక్కటే చూసి వయసు కట్టడం పొరపాటు: పదేళ్లు ఓవర్‌లోడులో నడిచినదానికన్న, పాతికేళ్లు సగం లోడులో నడిచినది లోపల పడుచుగా ఉండవచ్చు.

తేమ రెండవ శత్రువు. బియ్యం మిల్లుల వంటి సీజను పరిశ్రమల నుంచి వచ్చే ట్రాన్స్‌ఫార్మర్ల విషయంలో దీనిని ప్రత్యేకంగా చూడాలి. వేడెక్కినప్పుడు నూనె వ్యాకోచిస్తుంది, చల్లబడినప్పుడు సంకోచిస్తుంది. కన్జర్వేటర్ అనే పైతొట్టి ఉన్న ట్రాన్స్‌ఫార్మర్ ఈ క్రమంలో బయటి గాలిని బ్రీదర్ అనే చిన్న గొట్టం ద్వారా లోనికి తీసుకుంటుంది, ఆ గాలిలోని తడిని బ్రీదర్‌లోని సిలికా జెల్ గుళికలు పీల్చుకుంటాయి. పొడిగా ఉన్నప్పుడు నీలంగా ఉండే గుళికలు తడి నిండాక గులాబీ రంగుకు తిరుగుతాయి. యార్డులో నెలల తరబడి పడివున్న ట్రాన్స్‌ఫార్మర్‌కు బ్రీదర్ గాజు పగిలి, గుళికలు గులాబీ రంగుకు తిరిగి, అడుగునుండవలసిన నూనె కప్పు ఎండిపోయి కనిపిస్తే, అన్నాళ్లూ అది తడిగాలిని నేరుగా పీల్చిందని గ్రహించాలి. అయితే అమ్మేవారు జెల్ మార్చి ఉంచవచ్చు. బుషింగు, అంటే తీగను ట్యాంకులోంచి బయటికి తెచ్చే పింగాణి గొట్టం, దాని మొదట్లో ఉన్న గాస్కెట్ రబ్బరు గట్టిపడి పగుళ్లిచ్చిందేమో, పాత నూనె చెమర్చిన మరక మీద కొత్త రంగు వేశారేమో చూడడం మరింత నమ్మదగిన ఆనవాలు.

ఇక బిల్లుకు సంబంధించిన లెక్క. హెచ్‌టీ వినియోగదారు మీటరు సాధారణంగా ట్రాన్స్‌ఫార్మర్‌కు ముందే, 11 కేవీ వైపున ఉంటుంది. అందువల్ల ట్రాన్స్‌ఫార్మర్ తనలో తాను కాల్చుకునే ప్రతి యూనిట్టుకూ యజమానే డబ్బు కడతాడు. ఈ నష్టం రెండు విధాలు. కోరును అయస్కాంతంగా నిలిపి ఉంచడానికి ఖర్చయ్యేది ఇనుప నష్టం. లోడు ఉన్నా లేకున్నా, సెలవు రోజైనా అర్ధరాత్రైనా అది ఆగదు. తీగల్లో ప్రవాహం వల్ల పుట్టే వేడి రాగి నష్టం. అది లోడు వర్గాన్ని అనుసరించి మారుతుంది, సగం లోడుకు పూర్తి నష్టంలో నాలుగో వంతు అవుతుంది. ట్రాన్స్‌ఫార్మర్ మోయగల లోడును కిలోవోల్ట్ ఆంపియర్లలో, అంటే కేవీఏలలో చెబుతారు. పాత ప్రమాణం ప్రకారం తయారైన 100 కేవీఏ ట్రాన్స్‌ఫార్మర్‌కు ఇనుప నష్టం 260 వాట్లు, పూర్తి లోడులో రాగి నష్టం 1760 వాట్లు. సగం లోడులో మొత్తం 260కి 440 కలిసి 700 వాట్లు. 2014లో సవరించిన ఐఎస్ 1180 ప్రమాణంలో రెండవ సామర్థ్య స్థాయికి చెందిన అదే పరిమాణపు ట్రాన్స్‌ఫార్మర్ సగం లోడులో 475 వాట్లు మించి నష్టపోకూడదు. తేడా 225 వాట్లు. ఏడాది పొడవునా సగం లోడులో నడిస్తే 1,971 యూనిట్లు. యూనిట్టు ఎనిమిది రూపాయల చొప్పున లెక్కిస్తే ఏటా 15,768 రూపాయలు, పదేళ్లకు లక్షన్నర పైమాట. పాతది కొనడం వల్ల మిగిలిన సొమ్మును ఈ మొత్తం పక్కన పెట్టి చూడాలి.

ఈ లెక్క పాతది తన నేమ్‌ప్లేటులో చెప్పినట్లే ఉందని అనుకుని వేసినది. చవకగా దొరికిందని అవసరానికి మించిన పరిమాణం కొన్నప్పుడు నష్టం మరో దారిన వస్తుంది: 200 కేవీఏ చాలిన చోట 500 కేవీఏ పెడితే, ఆ పెద్ద కోరు ఇనుప నష్టం రాత్రింబవళ్లు బిల్లులో పడుతుంది. సీజను కాని నెలల్లో ఏబీ స్విచ్ (లైనును విడదీసే ఎయిర్ బ్రేక్ స్విచ్) తీసి ట్రాన్స్‌ఫార్మర్‌ను ఆపితే ఆ ఖర్చు తప్పుతుంది, కాని చల్లబడి నిలిచిన ట్రాన్స్‌ఫార్మర్‌లో తేమ చేరుతుంది. అందుకే మళ్లీ లైనుకు కలిపి చార్జి చేసే ముందు నూనె, ఇన్సులేషన్ పరీక్షలు తప్పనిసరిగా చేయించాలి.

వాడినది వేరు, కాలిపోయాక తీగను కొత్తగా చుట్టి, అంటే రీవైండింగ్ చేసి, అమ్మేది వేరు. మార్కెట్లో ఈ రెంటినీ ఒకే మాట కింద అమ్ముతారు. రీవైండింగ్ చేసినదానిలో కాగితం కొత్తది కనుక, పని బాగా జరిగితే ఆయుష్షు నిజంగానే పెరుగుతుంది. కాని కోరు పలకలను విప్పి మళ్లీ పేర్చేటప్పుడు అంచులు వంగితే, పలకల మీది సన్నని పూత లేచిపోతే, పలకల మధ్య ఖాళీలు మిగిలితే ఇనుప నష్టం పెరుగుతుంది. తీగ మందం తగ్గించి చుడితే రాగి నష్టం పెరుగుతుంది. రాగి బదులు అల్యూమినియం చుట్టడం కూడా ఉంది. అల్యూమినియం స్వతహాగా లోపం కాదు, చిన్న పంపిణీ ట్రాన్స్‌ఫార్మర్లలో అది మామూలే. రాగి ధర తీసుకుని అల్యూమినియం ఇవ్వడమే మోసం. బయటికి వచ్చే కొసలు రాగివై, లోపలి చుట్ట అల్యూమినియం అయ్యే అవకాశం ఉన్నందువల్ల టెర్మినల్ గీకి చూసినంత మాత్రాన సరిపోదు. పైమూత విప్పించి, కోరును క్రేనుతో పైకెత్తించి చూడాలి, లేదా బరువును నేమ్‌ప్లేటుతోను, చుట్టల నిరోధాన్ని తయారీదారు పరీక్ష పత్రంతోను సరిపోల్చాలి.

పరీక్షల్లో అందరికీ తెలిసినది నూనె పరీక్ష. రెండున్నర మిల్లీమీటర్ల ఎడంలో ఉన్న రెండు లోహపు ముక్కల మధ్య నూనె ఉంచి, ఎన్ని కిలోవోల్టుల దగ్గర దాని గుండా నిప్పురవ్వ దూకుతుందో చూస్తారు. దీనినే బీడీవీ అంటారు. ఈ తరగతి ట్రాన్స్‌ఫార్మర్లలో వాడుకలో ఉన్న నూనెకు అది 30 కేవీకి తగ్గకూడదు. ఇక్కడే కొనుగోలుదారు మోసపోయే వీలుంది. ట్రాన్స్‌ఫార్మర్‌లోని తేమలో అత్యధిక భాగం ఉండేది నూనెలో కాదు, కాగితంలో. కనుక నిన్న వడకట్టించిన నూనె ఈ రోజు 60 కేవీ చూపించినా, లోపలి కాగితం తడిగానే ఉండవచ్చు, కొన్ని వారాల్లో ఆ తడి నూనెలోకి దిగుతుంది. నూనెలో కరిగిన వాయువుల పరీక్ష మరింత లోతైనది: ఎసిటిలీన్ కనిపిస్తే లోపల నిప్పురవ్వలు పుట్టిన చరిత్ర ఉందని, కార్బన్ మోనాక్సైడ్ మోతాదు మించితే కాగితం మాడిందని అర్థం. కాగితం క్షీణించేటప్పుడు విడుదలయ్యే ఫ్యూరాన్ అనే పదార్థాలను కొలిస్తే దాని వయసు అంచనాకు వస్తుంది. నూనె మార్చినప్పుడు ఈ సాక్ష్యాలన్నీ తుడిచిపెట్టుకు పోతాయి. అందుకే నూనె కొత్తదనడం అమ్మేవారి దృష్టిలో సుగుణమైనా, కొనేవారికి ఆధారం పోవడమే. అప్పుడు మెగ్గర్‌తో చేసే ఇన్సులేషన్ పరీక్ష, చుట్టల నిష్పత్తి, ఇంపిడెన్సు (ప్రవాహానికి చుట్టలు కల్పించే మొత్తం అడ్డంకి) కొలతల మీద ఎక్కువగా ఆధారపడాలి. ఇంపిడెన్సు నేమ్‌ప్లేటు విలువ నుంచి గణనీయంగా తప్పితే, పాత షార్ట్ సర్క్యూట్ దెబ్బకో లారీ కుదుపుకో చుట్టలు కదిలాయని అనుమానించాలి. ఈ పరీక్షలు లారీ ఎక్కించే ముందు ఒకసారి, దించిన తరువాత మరొకసారి జరగాలి.

విదేశీ యంత్రాలతో పాటు వచ్చే ట్రాన్స్‌ఫార్మర్ల విషయంలో ఫ్రీక్వెన్సీ చూడకుండా ముందుకు వెళ్లరాదు: అమెరికాలో వాడే 60 హెర్ట్జ్‌కు మాత్రమే తయారైనదానిని మన 50 హెర్ట్జ్ లైనుకు అదే వోల్టేజీతో కలిపితే కోరులో అయస్కాంత తీవ్రత 20 శాతం పెరిగి, అది అతిగా వేడెక్కుతుంది. ఉన్నదానికి జతగా నడపడానికి కొనేవారు వోల్టేజీ నిష్పత్తి, వెక్టర్ గ్రూపు (చుట్టల కలయిక తీరు), ఇంపిడెన్సు మూడూ కలుస్తాయో లేదో చూసుకోవాలి.

కొత్తది అన్నంత మాత్రాన నిశ్చింత లేదు. ఐఎస్‌ఐ ముద్ర, తయారీదారు ఇచ్చిన పరీక్ష పత్రం, అందులో హామీ ఇచ్చిన నష్టాల విలువలు చూడకుండా ధర ఒక్కటే అడిగి కొన్నవారికి కొత్తదనపు లాభం సగమే దక్కుతుంది. ఏడాది పొడవునా, రోజంతా నడిచే శీతల గిడ్డంగి వంటి చోట తక్కువ నష్టాల కొత్త ట్రాన్స్‌ఫార్మర్ వైపే మొగ్గాలి. అక్కడ పాతది నిజంగా చవక కావడం అరుదు. తాత్కాలిక నిర్మాణ పనికి, అత్యవసరానికి ఉంచుకునే స్టాండ్‌బైకి, ఏటా కొద్ది నెలలే నడిచే మిల్లుకు, లోడు చరిత్ర తెలిసి, పరీక్షల్లో నెగ్గిన పాతది తెలివైన ఎంపిక. చరిత్ర తెలియనిదానికి, పరీక్షకు ఒప్పుకోనిదానికి తుక్కు ధర మించి ఇవ్వడం తగదు.

పత్రాల సంగతి తెలుగు జిల్లాల్లో మరింత పట్టించుకోవలసినది. పొలాల్లోని ట్రాన్స్‌ఫార్మర్లను రాత్రివేళ కూల్చి, నూనె పారబోసి, రాగి తీగ ఎత్తుకుపోవడం ఇక్కడ తరచుగా జరిగే నేరం. దానివల్ల నష్టపోయేది నీళ్లు అందక పైరు ఎండిపోయే రైతు. తొలి యజమాని కొనుగోలు బిల్లు, నేమ్‌ప్లేటులోని క్రమసంఖ్య ఒకటితో ఒకటి సరిపోవాలి; ప్లేటు పీకి మళ్లీ బిగించిన గుర్తులున్నా, క్రమసంఖ్య అరగదీసి ఉన్నా కొనకపోవడమే ధర్మం. హెచ్‌టీ సామగ్రిని చార్జి చేసే ముందు ప్రభుత్వ విద్యుత్ తనిఖీ అధికారి ఆమోదం అవసరం కావచ్చు కనుక, పత్రాలు లేని ట్రాన్స్‌ఫార్మర్ అక్కడ ఆగిపోయే అవకాశమూ ఉంది.

చాలా పాత ట్రాన్స్‌ఫార్మర్లలో మరొక ప్రమాదం ఉంటుంది. పీసీబీలు, అంటే పాలీక్లోరినేటెడ్ బైఫినైళ్లు, మంటలంటుకోని గుణం వల్ల ఒకప్పుడు ట్రాన్స్‌ఫార్మర్ ద్రవంగా వాడిన రసాయనాలు. అవి నేలలో, నీటిలో విరిగిపోకుండా నిలిచి, ఆహారం ద్వారా శరీరపు కొవ్వులో చేరతాయి, కేన్సరు కారకాలుగా గుర్తింపు పొందాయి. విరిగిపోకుండా నిలిచే కాలుష్యాలపై కుదిరిన అంతర్జాతీయ స్టాక్‌హోం ఒప్పందానికి అనుగుణంగా భారత ప్రభుత్వం 2016లో జారీచేసిన ఉత్తర్వు, 2025 డిసెంబరు 31 నాటికి వాటి వాడకం పూర్తిగా ఆగిపోవాలని గడువు పెట్టింది. మామూలు ఖనిజ నూనెతో నడిచిన ట్రాన్స్‌ఫార్మర్లలోకి కూడా, ఒకే వడపోత యంత్రాన్ని అన్నింటికీ వాడడం వల్ల, ఇవి కొద్దికొద్దిగా చేరిన సందర్భాలున్నాయి. 1980ల నాటిదో అంతకు పూర్వానిదో కొంటున్నప్పుడు ఎన్‌ఏబీఎల్ గుర్తింపు ఉన్న ప్రయోగశాలలో నూనెను పీసీబీల కోసం పరీక్ష చేయించాలి. నూనె మార్చామన్న హామీ ఇందుకు సరిపోదు. కాగితంలోను, చెక్క దిమ్మెల్లోను ఇంకిన పాత ద్రవం నెలల తరబడి కొత్త నూనెలోకి ఊరుతూనే ఉంటుంది గనుక, మార్చిన తరువాత కొంతకాలం నడిపి తీసిన నమూనా మీద చేసిన పరీక్షనే నమ్మాలి.