ప్రాయశ్చిత్త సిద్ధాంతాలు (క్రైస్తవం)

క్రైస్తవ మతంలో ప్రాయశ్చిత్తం అనగా యేసు క్రీస్తు జీవితం, సిలువ మరణం, పునరుత్థానముల ద్వారా దేవునికి, మానవులకు మధ్య తెగిపోయిన సంబంధం తిరిగి ఏర్పడుట. క్రీస్తు మానవుల రక్షణ కొరకు మరణించెనని ప్రధాన క్రైస్తవ శాఖలన్నీ విశ్వసిస్తాయి. అయితే ఒకరి మరణం ఇతరుల పాపాన్ని ఏ విధంగా తొలగించగలదు అన్న ప్రశ్నకు వేదాంతులు వేర్వేరు సమాధానాలు ఇచ్చారు. క్రీ.శ. 325లో నికేయా సభ, 451లో కాల్సిడాన్ సభ క్రీస్తు ఎవరు అన్న విషయాన్ని నిర్వచించాయి. కానీ ఆయన మరణం రక్షణను ఎట్లు కలిగించునో ప్రాచీన సార్వత్రిక సభలేవీ నిర్వచించలేదు. అందువలన ఈ చర్చ నేటికీ కొనసాగుతున్నది.

పదం, అర్థం

ప్రాయశ్చిత్తం సంస్కృత పదం. ధర్మశాస్త్ర గ్రంథాలలో దోషం చేసినవాడు దాని నివారణకై తానే ఆచరించే వ్రతం, దానం, ఉపవాసం మొదలగువాటిని ఈ పేరుతో పిలుస్తారు. యాజ్ఞవల్క్య స్మృతిలోని మూడవ భాగం పేరు ప్రాయశ్చిత్తాధ్యాయం. తెలుగు బైబిలు ఈ పదాన్నే స్వీకరించింది. అయితే క్రైస్తవ బోధలో ప్రధానమైనది దోషి తనకు తానుగా చేసుకొనునది కాదు, అతని కొరకు క్రీస్తు చేసినది.

ఈ భావనకు మూలం యూదుల ఆచారంలో ఉన్నది. లేవీయకాండము 16వ అధ్యాయం ప్రకారం ఏటా ప్రాయశ్చిత్త దినమున ప్రధాన యాజకుడు రెండు మేకలను తెచ్చేవాడు. ఒకదానిని బలి ఇచ్చి దాని రక్తాన్ని అతి పరిశుద్ధ స్థలంలో ప్రోక్షించేవాడు. రెండవదాని తలపై చేతులుంచి, ప్రజల పాపాలను ఒప్పుకొని, దానిని అరణ్యంలోకి పంపివేసేవాడు.

కొత్త నిబంధన క్రీస్తు మరణాన్ని ఒకే పోలికతో వివరించదు. మార్కు 10:45లో అది బానిసను విడిపించే క్రయధనం. రోమా 3:25లో దేవాలయ సంబంధమైన పోలిక, రోమా 5:10లో శత్రువుల మధ్య సమాధానం, కొలొస్సయి 2:15లో యుద్ధ విజయం కనిపిస్తాయి. తరువాతి సిద్ధాంతాలు సాధారణంగా వీటిలో ఒకదానిని ప్రధానంగా తీసుకొన్నవే.

ప్రధాన సిద్ధాంతాలు

క్రయధన సిద్ధాంతం: పాపం వలన మానవులు సాతాను వశమైనారని, వారి విడుదలకు క్రీస్తు ప్రాణం మూల్యమని ఓరిజెన్ వంటి ప్రాచీన రచయితలు భావించారు. నాలుగవ శతాబ్దంలో నిస్సా గ్రెగొరీ దీనిని చేపల గాలంతో పోల్చాడు. క్రీస్తు మానవ శరీరం ఎర, దానిలో దాగిన దైవత్వం గాలం. ఆయన సమకాలికుడైన నజియాంజస్ గ్రెగొరీ దీనిని అంగీకరించలేదు. దోచుకొన్నవానికి దేవుడు మూల్యం చెల్లించడం అవమానకరమని ఆయన వాదన.

పరిహార సిద్ధాంతం: కాంటర్‌బరీ ఆర్చిబిషప్ ఆన్సెల్మ్ 1098లో పూర్తి చేసిన "కూర్ దేయుస్ హోమో" (దేవుడు ఎందుకు మనిషి అయ్యాడు) అను గ్రంథంలో సాతానుకు చెల్లింపు అన్న భావనను త్రోసిపుచ్చాడు. పాపం దేవుని గౌరవానికి లోటు చేసినది. ఆ లోటును తీర్చవలసినవాడు మానవుడు, తీర్చగలవాడు దేవుడు మాత్రమే. కావున దైవమానవుడే దానిని తీర్చాలి. ఈ తర్కంలో నాటి ఐరోపా ప్రభువులు, సామంతుల వ్యవస్థ ఛాయలు ఉన్నాయని పలువురు చరిత్రకారులు గుర్తించారు.

నైతిక ప్రభావ సిద్ధాంతం: పీటర్ అబెలార్డ్ (1079–1142) రోమా పత్రిక వ్యాఖ్యానంలో సిలువ దేవుని ప్రేమను వెల్లడిచేసి మనిషి హృదయంలో ప్రేమను రగిలించునని వ్రాశాడు. ఇది క్రీస్తును కేవలం ఆదర్శ పురుషునిగా చేయునని క్లేర్వో బెర్నార్డ్ తీవ్రంగా ఖండించాడు.

శిక్షా ప్రత్యామ్నాయ సిద్ధాంతం: 16వ శతాబ్దపు సంస్కరణోద్యమంలో జాన్ కాల్విన్ మొదలగువారు గౌరవానికి బదులు న్యాయస్థానపు పోలికను ముందుకు తెచ్చారు. పాపికి రావలసిన శిక్షను క్రీస్తు తానే భరించెనన్నది దీని సారాంశం. ఫాస్టో సొజ్జినీ దీనిని ఎదిరించాడు. అప్పు పూర్తిగా చెల్లినచో అది క్షమాపణ కాదని, డబ్బు బాకీ వలె అపరాధం ఒకరి నుండి మరొకరికి మారదని ఆయన వాదించాడు. దీనికి జవాబుగా 1617లో హ్యూగో గ్రోషియస్ దేవుడు అప్పులవాడు కాదు, పాలకుడని, సిలువ ధర్మపాలనను నిలబెట్టుటకు జరిగినదని వ్రాశాడు.

విజేత క్రీస్తు: స్వీడన్ వేదాంతి గుస్టాఫ్ ఆలెన్ 1930లో ప్రచురించిన "క్రిస్టుస్ విక్టర్"లో పాపం, మరణం, సాతానులపై క్రీస్తు సాధించిన విజయమే ప్రాచీన సంఘపు అసలు బోధ అని వాదించాడు. తూర్పు ఆర్థడాక్స్ సంఘాలలో కూడా మరణంపై విజయం, మానవుడు దైవజీవితంలో పాలుపొందుట అను భావనలకే ప్రాధాన్యం ఎక్కువ.

క్రీస్తు ఎవరి కొరకు మరణించెను?

నెదర్లాండ్స్‌లో 1618–19లో జరిగిన డార్ట్ సభ, క్రీస్తు మరణపు విలువ అపారమైనప్పటికీ దాని రక్షణ ఫలం ఎన్నుకోబడినవారికే చెందునని తీర్మానించింది. ఆర్మీనియస్ అనుచరులు ఆయన అందరి కొరకు మరణించెనని వాదించారు. ఇది కేవలం పండితుల తగవు కాదు. స్కాట్లండ్‌లో జాన్ మెక్‌లౌడ్ క్యాంప్‌బెల్ అను పాదిరి, తాము ఎన్నికైనామో లేదో తెలియక తన సంఘస్థులు మనోవేదన పడుటను గమనించాడు. క్రీస్తు అందరి కొరకు మరణించెనని బోధించినందుకు 1831లో ఆయనను పదవి నుండి తొలగించారు.

ఆధునిక చర్చ

1931లో సి.హెచ్. డాడ్ రోమా 3:25లోని గ్రీకు పదానికి పాపాన్ని తుడిచివేయుట అని అర్థమే గాని దేవుని కోపాన్ని చల్లార్చుట అని కాదని వాదించాడు. లియాన్ మోరిస్ 1955లో దీనిని ఖండించాడు. తెలుగు బైబిలు ఇక్కడ "కరుణాధారము" అని, దీనికి సంబంధించిన పదం వచ్చే 1 యోహాను 2:2లో "శాంతికరము" అని అనువదించింది.

1980ల నుండి కొందరు స్త్రీవాద వేదాంతులు, తండ్రి కుమారుని శిక్షించెనన్న చిత్రణ హింసను పవిత్రం చేయునని, బాధితులను మౌనంగా సహించమని చెప్పునని విమర్శించారు. సమర్థకులు దీనికి జవాబిస్తూ, త్రిత్వంలో తండ్రి, కుమారుల సంకల్పం ఒక్కటేనని, కుమారుడు స్వచ్ఛందంగా తన్ను తాను అర్పించుకొన్నాడని, దోషానికి తీర్పు లేనిచో అన్యాయానికి గురైనవారికి న్యాయం ఉండదని అంటారు. 2013లో అమెరికాలోని ప్రెస్బిటేరియన్ చర్చి (యు.ఎస్.ఎ.) తన కొత్త కీర్తనల పుస్తకంలో "ఇన్ క్రైస్ట్ అలోన్" అను పాటను చేర్చలేదు. దైవ కోపం తీరెనన్న పాదాన్ని మార్చుటకు రచయితలు అంగీకరించకపోవడం ఇందుకు కారణం.

ఈ సిద్ధాంతాలు పరస్పర విరుద్ధాలా లేక ఒకే సంఘటనకు వేర్వేరు పార్శ్వాలా అన్న విషయంలో కూడా భిన్నాభిప్రాయాలు ఉన్నాయి. అన్నింటినీ కలిపి చదవాలని కొందరు, ఒకటి మిగిలినవాటికి పునాది అని మరికొందరు భావిస్తారు.

ఇవి కూడా చూడండి

యేసు, బైబిల్, లేవీయకాండము, త్రిత్వం, సంస్కరణోద్యమం