కంటైనర్లతో సాఫ్ట్‌వేర్ కిట్ల కోడ్ తయారీ
ఒక కంప్యూటర్ సేవను ఇతర ప్రోగ్రాములు వినియోగించుకొనేందుకు ప్రతి ప్రోగ్రామింగ్ భాషకూ ఒక సాఫ్ట్‌వేర్ డెవలప్‌మెంట్ కిట్ అవసరమవుతుంది. సేవలో ఒక్క అంశం మారినా కిట్లన్నింటినీ సవరించవలసి ఉంటుంది. ఈ పని మనుషులే చేసినపుడు పొరపాట్లు దొర్లి, కిట్ల మధ్య తేడాలు ఏర్పడే ప్రమాదముంది.

దీని నివారణకు సేవ వివరాలను ఓపెన్ ఏపీఐ ప్రమాణంలో ఒకే పత్రంగా పొందుపరుస్తారు. స్వాగర్ కోడ్‌జెన్ నుంచి 2018లో విడివడిన ఓపెన్ ఏపీఐ జనరేటర్ ఆ పత్రం ఆధారంగా జావా, పైథాన్, గో తదితర భాషల్లో కోడ్‌ను రూపొందిస్తుంది.

అయితే జనరేటర్ వెర్షన్ ఒక్కో యంత్రంలో ఒక్కో విధంగా ఉంటే కోడ్ కూడా మారవచ్చు. అందువల్ల 2013లో వెలువడిన డాకర్ వంటి సాధనంతో జనరేటర్‌ను, దానికి కావలసిన జావాతో సహా, కంటైనర్‌లో నిర్ణీత వెర్షన్‌లోనే ఉంచుతారు. కుబర్నెటిస్ కిట్లలో పలు భాషలకు ఈ విధానమే అనుసరిస్తున్నారు.

మూల పత్రంలోని తప్పు కిట్లన్నింటికీ సంక్రమిస్తుంది కనుక, పత్ర పరిశీలన, కిట్ల పరీక్ష తప్పనిసరి.