ప్రజాధనము – పరిశోధనము

పథకములను ప్రకటించుటలో మన ప్రభుత్వములకు గల యుత్సాహము వాని ఫలితములను విచారించుటలో కానరాదు. ఆయవ్యయపట్టికలో కోట్లు చూపబడును. అందెంత ప్రజలకు ముట్టినదని యడిగినచో కచేరీలలో పద్దులు చూపింతురు. పద్దులో ముట్టినట్లు వ్రాయుట వేఱు, చేతికి ముట్టుట వేఱు. ఈ రెంటికి నడుమనున్న యంతరమును కొలుచుటకు సాంఘికశాస్త్ర పరిశోధనము తోడ్పడునని చెప్పినచో, పల్లెలెఱుగని పండితుల పని యని పెదవి విఱచువారు గలరు. అట్టివారు మన యాంధ్రదేశముననే జరిగిన యొక పరీక్షను గమనింపవలయునని కోరుచున్నాము.

ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వమువారు ఉపాధి హామీ కూలిని, పింఛనులను వ్రేలిముద్ర సరిచూచి చెల్లించుటకు స్మార్టుకార్డులను ప్రవేశపెట్టిరి. 2010లో వీనిని 8 జిల్లాలలో విస్తరింపజేయునపుడు, ఏ మండలము ముందు, ఏది వెనుక యనుదానిని పలుకుబడికి విడువక చీట్లు వేసినట్లు నిర్ణయించిరి. కార్తీక్ మురళీధరన్, పాల్ నీహౌస్, సందీప్ సుఖ్తంకర్ అను అర్థశాస్త్రజ్ఞులు ముందు వంతు వచ్చిన 112 మండలములను, వేచియున్న 45 మండలములతో పోల్చి చూచిరి. వీని జనసంఖ్య సుమారు 1 కోటి 90 లక్షలు. పద్ధతి సరళమైనదే: సర్కారు పద్దులో ఎంత కూలి యిచ్చినట్లున్నదో వ్రాసికొని, ఆ యింటికే పోయి యెంత ముట్టినదని యడుగుట.

కార్డులు రాని మండలములలో కూలి సొమ్ము నూటికి సుమారు 31 రూపాయలు నడుమనే జాఱిపోయినవి. వచ్చినచోట నది 18కి దిగెను. రెండేండ్లు గడచినను చెల్లింపులలో సగము మాత్రమే కార్డుల మూలమున జరుగుచుండగా నింత ఫలము! కూలి తెచ్చుకొనుటకు పట్టు కాలము ప్రతిసారియు 22 నిమిషములు తగ్గెను. ఈ మిగిలిన కాలపు విలువయే కార్డుల ఖర్చునకు సరిపోయెనని 2016లో ప్రకటించిన తమ వ్యాసమున వారు లెక్కగట్టిరి.

అయినను 2013లో ప్రభుత్వము దీనిని ఎత్తివేయుటకు దాదాపు సిద్ధమయ్యెను. కార్డులు పనిచేయుట లేదను మొఱలు క్రింది యుద్యోగులనుండి పైవారికి చేరినవి. రాబడి తగ్గినవారికి నోరు గలదు. కూలి సరిగా ముట్టినవాడు రాజధానికి పోయి బాగున్నదని చెప్పడు గదా! నూటికి 90 మందికి పైగా క్రొత్తపద్ధతినే మేలనుచున్నారను పరిశోధకుల లెక్క అధికారుల యెదుట నుంచబడెను. కార్డులు నిలుచుటకు ఆ లెక్కయు నొక కారణము.

ఉపాధి పనివలన సేద్యమునకు కూలీలు దొరకరని మా పాఠకులలో భూవసతిగలవారు పలువురు వాపోవుచుందురు. ఈ పరిశోధకులే 2023లో దీనికిని సమాధానము ప్రకటించిరి. కార్డులు వచ్చినచోట పేదకుటుంబముల యాదాయము నూటికి 14 వంతులు పెరిగెను. ఆ పెరుగుదలలో నూటికి 86 వంతులు పథకమునుండి గాక వెలుపలినుండి వచ్చినవి. బయటి కూలిరేట్లు పెరిగినమాట నిజమే. అది రైతులకు రుచింపకపోవచ్చును. కాని బయటి పనియు పెరిగెనే గాని తగ్గలేదు.

ఇక రైతులకే సంబంధించినది మఱియొకటి. 2018లో తెలంగాణ ప్రభుత్వము రైతుబంధు క్రింద ఎకరమునకు 4,000 రూపాయల చొప్పున చెక్కులు పంచెను. లబ్ధిదారులు సుమారు 57 లక్షలు. చీట్లలో వచ్చిన కొన్ని మండలముల వ్యవసాయాధికారులకు, మీ రైతులకు టెలిఫోను చేసి చెక్కు ముట్టినదా యని యడిగెదమని ముందుగా తెలిపిరి. అంతమాత్రముననే అచ్చట సాయమందనివారి సంఖ్య నూటికి 7.8 వంతులు తగ్గెను. అదనముగా చేరిన ప్రతి రూపాయికి ఖర్చు 3.6 పైసలు. కౌలుదారులకు ఆ సాయము లేకపోవుట న్యాయమా యనునది వేఱు ప్రశ్న. దానికి చీట్లు జవాబు చెప్పవు, శాసనసభయే చెప్పవలెను.

ఆ సభలో ఏ మంత్రియైనను కోట్లు వ్యయమగు క్రొత్త పథకమును ప్రతిపాదించునపుడు, దీనిని ముందుగా ఏ మండలములలో పరీక్షించెదరు, ఎవరిచేత లెక్క చూపింతురు అని సభ్యులు అడిగి, జవాబు వచ్చినపిమ్మటనే పద్దును ఆమోదింపవలయును.